మన్రో దొర: శిస్తు, ధర, అప్పు

కర్నూలు జిల్లా పత్తికొండలో 1827 జూలై 6వ తేదీన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో విశూచి సోకి మరణించెను. స్వదేశమునకు మరలుటకు ముందు, తాను పూర్వము పాలించిన దత్తమండలములను కడసారి చూడవలెనని ఆయన వచ్చియుండెను. పాఠ్యగ్రంథములు ఆయనను రైత్వారీ విధానకర్తయని చెప్పి విడిచిపెట్టును. ధరల నిలుకడలేమికిని రైతు అప్పునకును గల సంబంధము ఆయన చరిత్రలో ఎంత స్పష్టముగా కనబడునో విద్యార్థులు గమనింపవలెను.

మన్రో 1761లో గ్లాస్గో నగరమున వర్తకుని యింట జన్మించెను. తండ్రి వర్జీనియాతో వ్యాపారము చేయుచు, అమెరికా స్వాతంత్ర్య యుద్ధము వలన సర్వము కోల్పోయెను. వర్తకశాలలో లెక్కలు నేర్చిన కుమారుడు సైనికోద్యోగియై 1780లో మద్రాసు చేరెను.

నిజాము 1800లో దత్తమండలములను కంపెనీకి ఇయ్యగా, మన్రో వానికి ప్రధాన కలెక్టరయ్యెను. ఏడేండ్లు గుడారములలో తిరిగి, పొలము పొలమును కొలిపించి, శిస్తును నగదుగా నిర్ణయించెను. చిక్కంతయు ఆ నగదులోనే యున్నది. పంటలో భాగము గైకొను సర్కారు ధర పడినపుడు తానును నష్టపడును. నగదు శిస్తున నష్టమంతయు రైతుదే. జొన్న ధర సగమైనచో అదే శిస్తునకు రెండింతల జొన్న అమ్మవలెను. కోతలు ముగియగానే అందరును కిస్తు కొరకు అమ్మజూతురు. ధర మరింత దిగును. గింజ నిలుపుకొనదలచినవాడు షావుకారును ఆశ్రయింపవలసినదే. రేపటి ధర షావుకారునకును తెలియదు; కాని ఆ తెలియమికి వడ్డీ రూపమున వెల చెల్లించువాడు రైతు.

శిస్తు మొత్తము పంటలో నూటికి 45 వంతులగుచున్నదనియు, మూడవవంతునకు దింపనిదే భూమికి విక్రయపు విలువ కలుగదనియు 1807లో మన్రో వ్రాసి, నూటికి 25 వంతుల తగ్గింపు కోరెను. ఇది మంచి బేరగాని చూపు: అమ్ముడుపోని భూమిని నమ్మి తక్కువ వడ్డీకి అప్పిచ్చువాడెవడు? పైయధికారులు అంగీకరింపలేదు. 1820లో గవర్నరైన పిమ్మట ఆ తగ్గింపును తానే అమలుపరచెను.

అయినను తగ్గింపు ఒకమారు జరుగునది, ధర యేటేట మారునది. మద్రాసు రాజధానిలో 1825 మొదలు 1854 వరకు ధరలు కుంగియుండెనని పి.జె. థామస్, బి. నటరాజన్ అను ఆర్థిక శాస్త్రజ్ఞులు 1936లో నిరూపించిరి. నగదు శిస్తు మాత్రము ధరలతో దిగిరాలేదు. పెక్కేండ్ల సగటు ధరను లెక్కించి శిస్తు కట్టు పద్ధతి తరువాతి సెటిల్మెంట్లలో వచ్చెను. అప్పటికి మన్రో గతించి ముప్పదియేండ్లు దాటినవి.