పెండేకంటి వెంకటసుబ్బయ్య

పెండేకంటి వెంకటసుబ్బయ్య (1921 - 1993) కాంగ్రెస్ పార్టీకి చెందిన రాజకీయ నాయకుడు. ఉమ్మడి కర్నూలు జిల్లా నుండి పలుమార్లు లోక్‌సభకు ఎన్నికయ్యాడు. కేంద్ర హోంశాఖ సహాయ మంత్రిగాను, బీహారు, కర్ణాటక రాష్ట్రాల గవర్నరుగాను పనిచేశాడు. 1989లో ఈయన పంపిన నివేదికల ఆధారంగా కర్ణాటకలో ఎస్.ఆర్.బొమ్మై ప్రభుత్వం రద్దయింది. రాష్ట్ర ప్రభుత్వాలను కేంద్రం ఏ మేరకు తొలగించవచ్చుననే ప్రశ్నపై సుప్రీంకోర్టు ఇచ్చిన అతి ముఖ్యమైన తీర్పు ఈ వివాదం నుండే పుట్టింది.

రాజకీయ జీవితం

వెంకటసుబ్బయ్య 1957, 1962 ఎన్నికలలో ఆదోని నుండి లోక్‌సభకు గెలుపొందాడు. ఆ నియోజకవర్గం రద్దయిన తరువాత 1967, 1971లలో నంద్యాల నుండి ఎన్నికయ్యాడు. ఆళ్ళగడ్డ శాసనసభా నియోజకవర్గం కూడా నంద్యాల లోక్‌సభ స్థానం పరిధిలోనిదే. 1977లో ఇక్కడ జనతా పార్టీ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి విజయం సాధించాడు. ఆంధ్ర ప్రదేశ్‌లోని 42 స్థానాలలో కాంగ్రెస్ ఓడిపోయినది ఇదొక్కటే. 1980లో వెంకటసుబ్బయ్య మళ్ళీ నంద్యాల నుండి గెలిచి, ఇందిరా గాంధీ మంత్రివర్గంలో హోంశాఖ సహాయ మంత్రి అయ్యాడు. 1984 డిసెంబరులో తెలుగుదేశం అభ్యర్థి మద్దూరు సుబ్బారెడ్డి చేతిలో ఓడిపోయాడు.

హైదరాబాదులో 1981లో ప్రారంభమైన వాసవి ఇంజనీరింగు కళాశాల స్థాపనలో ఈయన ప్రధాన పాత్ర వహించాడు.

356వ అధికరణం

పాకిస్తాన్ 1955లో తన పశ్చిమ భాగంలోని రాష్ట్రాలన్నిటినీ రద్దుచేసి ఒకే రాష్ట్రంగా కలిపివేసింది. 1970లో మళ్ళీ విడదీయవలసి వచ్చింది. భారతదేశం అటువంటి ప్రయోగం చేయలేదు. అయితే 356వ అధికరణం క్రింద ఏ రాష్ట్ర ప్రభుత్వాన్నయినా తాత్కాలికంగా తొలగించే అధికారం కేంద్రానికి ఉంది. 1977లో జనతా ప్రభుత్వం తొమ్మిది రాష్ట్రాలలో కాంగ్రెస్ ప్రభుత్వాలను ఒకేసారి తొలగించింది. 1980 ఫిబ్రవరిలో ఇందిరా గాంధీ ప్రభుత్వం కూడా అదేవిధంగా తొమ్మిది శాసనసభలను రద్దుచేసింది. అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డియే. పార్టీ మారినా పద్ధతి మారలేదని దీనినిబట్టి గ్రహించవచ్చు.

కేంద్ర రాష్ట్ర సంబంధాలపై 1983లో ఏర్పడిన సర్కారియా కమిషన్, ముఖ్యమంత్రికి మెజారిటీ ఉన్నదీ లేనిదీ శాసనసభలోనే తేల్చాలని సిఫారసు చేసింది. 1988 నాటికి ఈ నివేదిక వెలుగులోకి వచ్చింది. నిజానికి ఈ పద్ధతి కర్నూలు జిల్లాకు కొత్తది కాదు. కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రంలో 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం శాసనసభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. రాష్ట్రపతి పాలన ఆ తరువాతనే వచ్చింది.

కర్ణాటకలో గవర్నరుగా

1985 నుండి బీహారు గవర్నరుగా ఉన్న వెంకటసుబ్బయ్య 1988 ఫిబ్రవరిలో కర్ణాటకకు వచ్చాడు. అదే ఏడాది ఆగస్టులో రామకృష్ణ హెగ్డే రాజీనామా చేయగా బొమ్మై ముఖ్యమంత్రి అయ్యాడు. 1989 ఏప్రిల్ 15న బొమ్మై మరో 13 మందిని మంత్రివర్గంలో చేర్చుకున్నాడు. పదవులు దక్కనివారిలో అసంతృప్తి రేగింది. రెండు రోజులకే పాలకపక్షాన్ని వీడిన ఒక శాసనసభ్యుడు, ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించుకుంటున్నట్లు 19 మంది వ్రాసినవిగా చెబుతూ లేఖలను గవర్నరుకు అందజేశాడు. వాటిని బట్టి గవర్నరు ఏప్రిల్ 19న రాష్ట్రపతికి నివేదిక పంపాడు.

మరునాడు ఆ 19 మందిలో ఏడుగురు, తమ సంతకాలను తప్పుదోవ పట్టించి తీసుకున్నారని, తమ మద్దతు ప్రభుత్వానికేనని తెలియజేశారు. బొమ్మై స్వయంగా గవర్నరును కలిసి, శాసనసభను ముందుగానే సమావేశపరచి బలం నిరూపించుకుంటానని కోరాడు. గవర్నరు అంగీకరించలేదు. సంతకాలు ఉపసంహరించుకొన్నవారు ఒత్తిడికి లోనై ఉండవచ్చునని, జాప్యం జరిగితే బేరసారాలకు దారితీస్తుందని ఆయన భావించాడు. ఈ భయం పూర్తిగా నిరాధారమని అనలేము. కానీ దానిని పరీక్షించగల సభ ఉండగా పరీక్ష జరపలేదు. ఏప్రిల్ 20న రెండవ నివేదిక వెళ్ళింది. ఏప్రిల్ 21న ప్రభుత్వం బర్తరఫ్ అయి, శాసనసభ రద్దయింది. నవంబరు వరకు రాష్ట్రపతి పాలన సాగింది. ఆ ఎన్నికలలో కాంగ్రెస్ గెలిచి వీరేంద్ర పాటిల్ ముఖ్యమంత్రి అయ్యాడు. వెంకటసుబ్బయ్య 1990లో పదవి నుండి వైదొలిగాడు.

తీర్పు

బొమ్మై వేసిన పిటిషన్‌ను కర్ణాటక హైకోర్టు కొట్టివేసింది. 1994 మార్చి 11న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. కర్ణాటకలో జరిగిన రద్దు రాజ్యాంగ విరుద్ధమని, మెజారిటీ సభలోనే తేలాలని, పార్లమెంటు ఆమోదించేవరకు శాసనసభను రద్దు చేయరాదని, రాష్ట్రపతి ప్రకటనను కోర్టులు సమీక్షించవచ్చునని నిర్ణయించింది. అదే తీర్పులో, 1992 డిసెంబరులో పి.వి.నరసింహారావు ప్రభుత్వం మధ్య ప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్‌లలో విధించిన రాష్ట్రపతి పాలన మాత్రం చెల్లుతుందని పేర్కొంది. నరసింహారావు కూడా అప్పుడు నంద్యాల లోక్‌సభ సభ్యుడే.

తీర్పు వెలువడేనాటికి వెంకటసుబ్బయ్య జీవించి లేడు. మధ్యలో ఎన్నికలు జరిగిపోయినందున బొమ్మై ప్రభుత్వం తిరిగి రాలేదు. వెంకటసుబ్బయ్య అంతకుముందు గవర్నరుగా పనిచేసిన బీహారులో 2005లో మరొక గవర్నరు నివేదికపై శాసనసభ రద్దయినపుడు, బొమ్మై తీర్పును అనుసరించి సుప్రీంకోర్టు దానిని కూడా రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది.