కార్మికుల వైద్యుడు రామజ్జిని

సికింద్రాబాదు లాలాగూడలో 1893వ సంవత్సరమున రైలుపెట్టెల కర్మాగారము నెలకొల్పబడెను. నాటినుండి ఈ నగరమున యంత్రములయెదుట గంటలకొలది నిలిచియో వంగియో ఒక్కతీరున చేతులాడించి బ్రదికినవా రెందరో! నడుమునొప్పి, మెడపట్టు, కీళ్లబాధ అట్టివారికి నిత్యసహచరులు. అది వయోధర్మమనియో, సోమరుల సాకనియో త్రోసివేయు యజమానులు లేకపోలేదు. ఆ తలంపు పొరపాటని మూడువందల యేండ్లకు పూర్వమే చాటిన బెర్నార్డినో రామజ్జిని చరిత్ర మన పాఠకు లెరుంగదగినది.

ఈయన 1633లో ఇటలీదేశమందలి కార్పి పట్టణమున జన్మించెను. పార్మాలో చదివి 1659లో వైద్యపట్టమందెను. 1682లో మొదేనా విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. అచ్చట తన యింటి మలకూపమును బాగుచేయు పనివాడొకడు మిక్కిలి త్వరపడుట గాంచి కారణ మడిగెను. ఆ గోతిలో ఎక్కువసే పున్నచో కన్నులు చెడునని వాడు తెలిపెను. ఆ మాట వైద్యుని హృదయమున నాటుకొనెను. అటుపై నాయన పనివారి అంగళ్లకుబోయి, వారు పనిచేయు తీరు కన్నులార చూచి, 1700లో వృత్తులవలన గలుగు వ్యాధులనుగూర్చి లాటినుభాషలో గ్రంథము ప్రకటించెను. ఆ యేటనే పాదువా విశ్వవిద్యాలయమున కాచార్యుడై వెళ్లెను. 1713లో గ్రంథమును పెంచి మరల అచ్చొత్తించెను.

దుమ్ము, విషపదార్థములు ఒక కారణము; దేహమున కనుచితమైన భంగిమలు, కదలికలు రెండవ కారణమని ఆయన నిర్ణయించెను. నిత్యము నిలుచువారికి కాళ్లనరము లుబ్బును. కుట్టుపనివారు, చెప్పులు కుట్టువారు కూర్చుండి కూర్చుండి గూనివారగుదురు. పండుగ ఊరేగింపులలో వారి వరుసను జూచి జనులు నవ్వుకొనగా, రామజ్జిని అందు వ్యాధిని గాంచెను. లేఖకుల కుడిచేయి ఎడతెగని వ్రాతచే మొద్దువారుట గూడ గమనించెను. నిలుచువాడు నడుమనడుమ కూర్చుండవలెననియు, కూర్చుండువాడు సెలవుదినములందైన నడువవలెననియు బోధించెను. రోగిని అతని వృత్తియేమని యడుగుట వైద్యుని ధర్మమనెను.

వార్ధక్యమున దృష్టి మందగించినను పాఠములు మానక, 1714లో పాదువాలో కీర్తిశేషుడయ్యెను.

ఆయన మందులు పాతబడినవి. ఆయన ప్రశ్న పాతబడలేదు. మనదేశమున 1948లో చేసిన కర్మాగారముల చట్టము నిలిచి పనిచేయువారికి ఆసనవసతి కల్పింపుమని విధించెను. శాసన మాజ్ఞాపించుటయే చాలదు. పనిబల్ల ఎత్తు మనిషికి సరిపోవునట్లు మార్చుటకును, నడుమ కొంత విశ్రాంతి నొసగుటకును అగు వ్యయ మెంత? విరిగిన నడుము మరల దొరకునా? కూలివానిని సోమరియని నిందించుటకు ముందు అతడెట్లు నిలిచి పనిచేయుచున్నాడో ఒక్కసారి చూడవలెనని మిల్లులు, కార్ఖానాలు గల మన సోదరులను మేము కోరుచున్నాము.