బడిపంతులు కూర్చిన పదకోశం: సూరత్ ముద్దుబిడ్డ నర్మద్

గుజరాతీ భాషకు తొలి ఏకభాషా నిఘంటువును అందించిన నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే ఒకప్పుడు సూరత్ ప్రాంతపు బడిపంతులు. నర్మద్‌గా ప్రసిద్ధుడైన ఆయన 1833 ఆగస్టు 24న తాపీ నదీతీరాన ఉన్న ఆ నగరంలో జన్మించారు. నాలుగేళ్లకే, 1837 నాటి ఘోర అగ్నిప్రమాదంలో ఆయన ఇల్లు కాలిపోయింది.

ఆ రోజుల్లో ఉపాధ్యాయుణ్ణి సూరత్ ప్రజలు మెహతాజీ అనేవారు. సంఘసంస్కర్త దుర్గారాం మెహతాజీ నడిపిన ప్రభుత్వ పాఠశాలలో నర్మద్ చదువుకున్నారు. 1850లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ విద్యాసంస్థలో చేరి, సభల్లో మాట్లాడటం అలవరచుకొనేందుకు మిత్రులతో ఒక సంఘం స్థాపించారు. నలుగురూ ఒకచోట చేరితే కలిగే మేలు గురించి ఆయన చేసిన తొలి ప్రసంగం గుజరాతీ ఆధునిక వచనానికి నాందిగా నిలిచింది. అదే ఏడాది తల్లి మరణించడంతో చదువు మధ్యలోనే ఆగింది.

1852 మేలో తాపీ ఆవలి ఒడ్డున ఉన్న రాందేర్ పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. మరుసటి ఏడాది సూరత్‌లోని నాన్‌పరా బడికి బదిలీ అయ్యారు. ఆ ఏడాదే భార్య గులాబ్ కన్నుమూశారు. 1854 జనవరిలో కొలువు వదిలి మళ్లీ బొంబాయి బయలుదేరారు.

అక్కడా కొంతకాలం బోధన సాగించినా మనసు రచన వైపే మొగ్గింది. 1858 నవంబరు 23న ఉద్యోగానికి రాజీనామా చేసి, ఇకపై కలాన్నే నమ్ముకొని బతుకుతానని ప్రతిన బూనారు. 1864లో ‘దాండియో’ పత్రికతో సాంఘిక దురాచారాలను ఎండగట్టారు. వితంతు వివాహాన్ని సమర్థించడంతో ఆగక, 1869లో స్వయంగా ఒక వితంతువును పెళ్లాడారు.

ఆయన శ్రమకు శిఖరం ‘నర్మకోశ్’. అంతకుముందు వచ్చిన నిఘంటువులు గుజరాతీ మాటకు పరభాషలో అర్థం చెప్పేవి. నర్మద్ మాత్రం గుజరాతీ పదాన్ని గుజరాతీలోనే వివరించారు. పాతికవేలకు పైగా పదాలను ఒక్కచేతిమీదుగా సేకరించి, 1873లో సంపూర్ణ గ్రంథాన్ని వెలువరించారు. పేరు వచ్చినా పేదరికం వదలలేదు. ఇరవై నాలుగేళ్లు నిలబెట్టుకున్న ప్రతినను విడిచి, 1882లో మళ్లీ ఉద్యోగంలో చేరవలసి వచ్చింది. ఆ బాధ తీరకుండానే 1886 ఫిబ్రవరిలో బొంబాయిలో తుదిశ్వాస విడిచారు.

ఆయన జన్మదినాన్ని నేడు ప్రపంచ గుజరాతీ భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నారు. సూరత్‌లోని విశ్వవిద్యాలయం ఆయన పేరు ధరించింది. సరిగ్గా ఐదు రోజుల తరువాత, ఆగస్టు 29న, మరో బడిపంతులు గిడుగు రామమూర్తి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా పాటిస్తాం. చేనేత, మరమగ్గాల పనికి వలస వెళ్లిన తెలుగు కుటుంబాల పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడుపుతోంది. ఆ తరగతి గదుల్లోని చిన్నారులకు వారంలోనే వచ్చే ఈ రెండు పండుగలూ సొంతమే.