వెలివేయబడ్డానని నమ్మిన భక్తుడు

‘దేర్ ఈజ్ ఎ ఫౌంటెన్’ అనే పాత ఇంగ్లిష్ కీర్తన చాలామంది విశ్వాసులకు తెలుసు. యేసు రక్తం ఎంతటి పాపినైనా కడుగుతుందని చాటే పాట అది. దాన్ని రాసిన విలియం కూపర్ మాత్రం, దేవుడు తనను శాశ్వతంగా వెలివేశాడన్న నమ్మకంతోనే తన చివరి 27 ఏళ్లు గడిపాడు!

కూపర్ 1731లో ఇంగ్లాండ్‌లో ఒక పాదిరి ఇంట పుట్టాడు. ఆరేళ్ల వయసుకే తల్లిని పోగొట్టుకున్నాడు. న్యాయశాస్త్రం చదివాడు. 1763లో పార్లమెంటులో కొలువు దొరకబోతుండగా, అందుకోసం పెద్దల ముందు పరీక్షకు నిలబడాలన్న భయంతో మతి చెదిరి ప్రాణం తీసుకోబోయాడు. సెయింట్ ఆల్బన్స్‌లో డాక్టర్ నథానియేల్ కాటన్ నడిపే చికిత్సాలయంలో చేర్చారు. పిచ్చివారిని గొలుసులతో కట్టేసే ఆ రోజుల్లో కాటన్ వారిని దయగా చూసేవాడు. అక్కడే 1764లో రోమా పత్రిక మూడో అధ్యాయం చదువుతూ కూపర్ రక్షణానందం పొందాడు. తర్వాత ఓల్నీ అనే చిన్న ఊరు చేరి, ఒకప్పుడు బానిసల ఓడకు కెప్టెన్‌గా ఉన్న జాన్ న్యూటన్ పరిచర్యలో తోడయ్యాడు. వారిద్దరి 348 కీర్తనలు 1779లో పుస్తకంగా వచ్చాయి. అందులో 60కి పైగా కూపర్‌వి.

అయితే ఆ పుస్తకం రాకముందే, 1773 ఆరంభంలో, జబ్బు తిరగబెట్టింది. తనకు శిక్ష ఖరారైందన్న మాట కలలో విన్నాడు. అబ్రాహాము ఇస్సాకును అర్పించబోయినట్టు తన ప్రాణాన్ని తానే అర్పించాలని దేవుడు ఆజ్ఞాపించాడని నమ్మి, ఆ పనికి పూనుకున్నాడు. బతికి బయటపడ్డాక, ఆజ్ఞ నెరవేర్చలేదు గనుక ఇక క్షమాపణే లేదనుకున్నాడు. మోరీయాలో పొట్టేలును చూపిన దేవుడు అలా అడుగుతాడా? కూపర్‌కు ఆ వచనాలు తెలియక కాదు. జబ్బు మనిషికి తెలిసిన భాషలోనే మాట్లాడుతుంది, బైబిల్ ఎరిగినవాడితో బైబిల్ మాటల్లోనే!

ఆ కాలంలో దీన్ని ‘మెలాంకలీ’ అన్నారు. ఈనాటి వైద్యుల్లో కొందరు బైపోలార్ అని, మరికొందరు తీవ్రమైన డిప్రెషన్ అని అంటారు. బైపోలార్ ముదిరితే, మనసు ఉప్పొంగినప్పుడు తానే ప్రవక్తనని, కుంగినప్పుడు తాను నాశనపాత్రుడనని మనిషి గట్టిగా నమ్మవచ్చు. ఎవరూ పలకని స్వరాలు వినిపించవచ్చు. కూపర్‌కు దొరకని మందులు ఇప్పుడున్నాయి. అయినా మన అత్తాపూర్‌లో కూడా ఇలాంటివారిని దయ్యం పట్టిందంటూ ఒక ఉపవాస కూటం నుంచి మరో కూటానికి తిప్పేవారున్నారు. ఎర్రగడ్డ పేరెత్తితే పరువు పోతుందని భయం! ఈ తప్పులో మా బోధకుల వంతు తక్కువేం కాదు.

న్యూటన్ వాదించి చూశాడు, ఫలించలేదు. కానీ కూపర్‌ను ఏడాదికి పైగా తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. మేరీ అన్విన్ అనే విధవరాలు రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉంది. మెల్లగా కూపర్ తోటపని, వడ్రంగం మొదలుపెట్టాడు. మూడు కుందేళ్లను పెంచాడు. మళ్లీ కలం పట్టాడు. 1785లో ‘ద టాస్క్’ అనే దీర్ఘకావ్యం ఆయనను దేశమంతటా ప్రసిద్ధుణ్ణి చేసింది. 1788లో బానిసత్వానికి వ్యతిరేకంగా కవితలు రాశాడు. చర్చికి మాత్రం తిరిగి వెళ్లలేదు. తనకు అక్కడ చోటు లేదనే అనుకున్నాడు.

1796లో మేరీ కన్నుమూసింది. అప్పటికే బంధువైన యువ పాదిరి జాన్ జాన్సన్ ఇద్దరినీ నార్ఫోక్‌కు తీసుకెళ్లి చూసుకుంటున్నాడు. 1799లో కూపర్, ఓడ మీంచి సముద్రంలో పడి మునిగిపోయిన నావికుడి మీద కవిత రాశాడు. ఆ నావికుడికన్నా లోతైన నీళ్లలో తాను మునిగానని అందులో తన గురించే చెప్పుకున్నాడు. 1800 ఏప్రిల్ 25న డీరమ్‌లో, జాన్సన్ ఇంట్లోనే, తుదిశ్వాస విడిచాడు.