లవ్‌లేస్ కౌంటెస్ అడా

మన విశాఖపట్టణపు ఓడరేవున 1933వ సంవత్సరము మొదలు ఎన్నియో ఓడలు వచ్చి పోయినవి. ఒక బెర్తున నేడొక యోడ నిలుచును, రేపు మఱియొకటి నిలుచును. బెర్తు సంఖ్య మాత్ర మదియే. పేరు వేఱు, ఆ పేరుచే దెలియబడు వస్తువు వేఱు. ఈ చిన్న విషయమే నేటి కంప్యూటరు భాషలన్నిటికిని మూలము. దీనిని శ్రద్ధతో గమనించి పట్టిక వేసి లోకమునకు జూపిన మొదటివారిలో నొక స్త్రీ కలదు. ఆమె చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా దెలుప నెంచితిమి.

అడా 1815వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి ప్రసిద్ధాంగ్లకవి యగు లార్డు బైరను, తల్లి అన్నాబెల్లా. బిడ్డకు నెల దాటినంతనే తలిదండ్రులు విడిపోయిరి. తండ్రి 1816లో స్వదేశమును విడిచి, మరల గూతును జూడకయే 1824లో గ్రీసు దేశమున మృతి నొందెను. తల్లి గణితప్రియురాలు గావున బాల్యమునుండియు గూతునకు గణితము చెప్పించెను. 1829లో తట్టు వ్యాధి సోకి అడా చాలకాలము మంచము పట్టెను. పిదప ఊతకఱ్ఱలతో నడువవలసి వచ్చెను. చదువు మాత్రము విడువలేదు.

1833లో, తన పదునేడవ యేట, ఆమె చార్లెస్ బాబేజి యను గణితవేత్తను గలిసికొనెను. 1835లో వివాహమయ్యెను; ముగ్గురు బిడ్డలు గలిగిరి. భర్తకు 1838లో లవ్‌లేస్ ప్రభుపదవి లభింపగా ఆమె లవ్‌లేస్ కౌంటెస్ అయ్యెను. గృహభారము నడుమను ఉత్తరముల మూలమున డి మోర్గను పండితునొద్ద గణితము నేర్చుకొనెను. ఈ పండితుడు నాటి చెన్నరాజధానికి జేరిన మధురలో 1806లో జన్మించినవాడు.

బాబేజి యూహించిన గణనయంత్రము, పూలబట్టలు నేయు మగ్గములకు వలె, చిల్లులు పొడిచిన అట్టల యాజ్ఞచే నడువవలసినది. దానిని గూర్చి మెనబ్రియా యను ఇటలీ దేశస్థుడు 1842లో ఫ్రెంచి భాషలో నొక వ్యాసము వ్రాసెను. అడా దానిని ఆంగ్లీకరించి, మూలమునకు సుమారు మూడు రెట్ల వ్యాఖ్య చేర్చి 1843లో ప్రకటించెను. క్రింద తన పేరునకు బదులు పొడి యక్షరములు మాత్ర ముంచెను.

ఆ వ్యాఖ్యలో యంత్రపు ప్రతి స్తంభమునకు నొక సంఖ్య గలదు. స్తంభములోని విలువ మాఱినప్పుడెల్ల పేరునకు ఎడమప్రక్క పైన నొక చిన్న అంకె మాఱును. దానివలన నిది ఏ స్తంభమో, అందలి విలువ యెన్నవదో, రెండును దెలియును. చివరి పట్టికలో 2ను 4చే గుణింపగా వచ్చిన 8 మూడు స్తంభములలో, నాలుగు, ఐదు, ఆరులలో, ఉంచబడును. పిదప నాలుగవదాని నుండి 1 తీసివేయగా అది 7 అగును. ఐదవదానికి 1 కలుపగా అది 9 అగును. ఆరవది 8గానే నిలుచును. మూడును వేర్వేఱు నకళ్లు గావున ఒకదాని మార్పు మఱియొకదాని నంటలేదు. ఇంతటి జాగ్రత్తతో వేసిన పట్టికలోను ఆ తరువాతి మెట్టున నాలుగవదానిని ఐదవదానిచే భాగింపవలసియుండగా తలక్రిందుగా నచ్చుపడినది. మనుష్యుడు చదివి దిద్దుకొనును. యంత్రము వ్రాసినట్లే చేయును.

నేటి విద్యార్థులు నేర్చు పైథాను భాషలో నీ విషయము మఱింత సూక్ష్మము. ఒక పట్టికకు క అను పేరుంచి, ఖ యనగా క యని వ్రాసినచో రెండవ పట్టిక పుట్టదు. ఉన్నదానికే రెండవ పేరు గలుగును. ఖ పేరున నందొక సంఖ్యను జేర్చినచో క పేరున జూచినను అది కనబడును. ఒకే యోడ రెండు లెక్కపుస్తకములలో రెండు పేర్లతో నున్నంతమాత్రమున రెండోడలగునా? ఒకరు సరకు దింపింపగా రెండవవారి యోడయు దేలికపడును. కాని క పేరును వేఱొక పట్టికకు మార్చినచో, ఖ మునుపటిదానినే చూపుచుండును. వేఱు నకలు గావలసినచో స్పష్టముగా నాజ్ఞాపింపవలెను. ఈ భేదమెఱుగనివాడు ఒకచోట దిద్దినది వేఱొకచోట మాఱుట చూచి తికమకపడును.

బాబేజి యంత్రము పూర్తి కాలేదు. అడా క్యాన్సరు వ్యాధితో చాల బాధపడి 1852 నవంబరు 27వ తేదీన, తండ్రి మరణించిన 36వ యేటనే, తానును మరణించెను. ఆమెను హక్నల్ గ్రామపు దేవాలయమున తండ్రి ప్రక్కనే సమాధి చేసిరి. పట్టికలో బాబేజి పాలెంత, ఆమె పాలెంత యని పండితులు నేటికిని వాదించుచున్నారు. బీజగణితభాగమును దాను సమకూర్చితిననియు, అందలి తన పెద్దతప్పును ఆమె పట్టుకొనెననియు బాబేజి 1864లో ప్రకటించిన స్వీయచరిత్రలో దెలిపెను. అమెరికా రక్షణశాఖ యొక కంప్యూటరు భాషకు అడా యని పేరుంచి, 1980లో దాని ప్రమాణపత్రమునకు ఆమె పుట్టిన సంవత్సరమగు 1815నే సంఖ్యగా నిచ్చెను.

చూడని యంత్రమున కామె తప్పులేని యాజ్ఞలు వ్రాయ బూనెను. మన బాలబాలికల యెదుట యంత్రములు సిద్ధముగా నున్నవి. వ్రాసిన ప్రతి పేరును ఏ వస్తువును జూపుచున్నదో ముందు తమ్ము తా మడిగికొని, పిదప వ్రాయుదురుగాక యని మా కోరిక.