అడ్డపొగ వెంట నడిచిన డేనిష్ డాక్టరు

ఉద్దానం అనగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది కిడ్నీ జబ్బు. కానీ శ్రీకాకుళం జిల్లా పల్లెల పేరు ప్రపంచ వైద్య పత్రికల్లోకి ఎక్కింది అంతకంటే చాలా ముందే, మరో కారణంతో. అదే అడ్డపొగ. చుట్ట వెలిగించి, మండుతున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు. పలాస, టెక్కలి వైపు నుంచి సముద్రపు ఒడ్డు దాకా మామ్మల తరం ఆడవాళ్లలో ఇది మామూలు విషయం. ఆ అలవాటు నోటిని ఏం చేస్తుందో వేలమందిని చూసి తేల్చిన శాస్త్రవేత్తల్లో ముఖ్యులు యెన్స్ పిండ్‌బోర్గ్. డెన్మార్క్‌కు చెందిన దంతవైద్య నిపుణులు.

పిండ్‌బోర్గ్ 1921లో కోపెన్‌హాగన్‌లో పుట్టారు. దంతవైద్యం చదివారు. అయితే పళ్లు కట్టడం, పీకడం కంటే నోటి లోపలి పొరల్లో వచ్చే మార్పులే ఆయన్ను ఎక్కువగా ఆకర్షించాయి. 1950ల్లో దవడలో వచ్చే ఓ అరుదైన కణితిని వేరుగా గుర్తించి వివరించారు. దాన్ని ఇప్పటికీ పిండ్‌బోర్గ్ ట్యూమర్ అనే పిలుస్తారు. మన బీడీఎస్ విద్యార్థులు ఆ పేరు చదవకుండా పరీక్ష దాటలేరు. 1959లో కోపెన్‌హాగన్‌లోని రాయల్ డెంటల్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. చరిత్ర, కళలన్నా ఆయనకు ఇష్టమే. పాత చిత్రాల్లో దంతవైద్యుడు ఎలా కనిపిస్తాడో చెప్పే పుస్తకాన్ని మరొకరితో కలిసి రాశారు.

అలాంటి మనిషిని భారతదేశానికి రప్పించింది నోటి క్యాన్సర్. ఐరోపాతో పోలిస్తే అది ఇక్కడ చాలా ఎక్కువ. పైగా ప్రాంతాన్ని బట్టి పొగాకు వాడే తీరూ మారుతుంది. ఒకచోట బీడీ, ఒకచోట ఖైనీ, ఒకచోట తాంబూలంలో పొగాకు, మన తీరంలో చుట్ట. అలవాటు మారితే జబ్బు వచ్చే చోటు కూడా మారుతుందా? 1960ల్లో పిండ్‌బోర్గ్ ఇక్కడి పరిశోధకులతో చేయి కలిపింది ఈ ప్రశ్నతోనే. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో పనిచేసే డాక్టర్ ఫలీ మెహతా ఆయనకు తోడయ్యారు.

వీళ్లు రోగులు ఆసుపత్రికి వచ్చేదాకా ఆగలేదు. బృందాలు ఊళ్లకే వెళ్లాయి. అయిదు జిల్లాల్లో 50,915 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించాయి. అందులో శ్రీకాకుళం జిల్లావాళ్లు 10,169 మంది. ఇంటింటికీ తిరిగి చూసిన ఆ వివరాలు 1971లో అచ్చయ్యాయి. నూటికి దాదాపు 44 మంది అడ్డపొగ తాగేవారేనని తేలింది. వారిలో ఆడవాళ్లే ఎక్కువ.

మామూలుగా పొగతాగే వారికి అంగిట్లో క్యాన్సర్ రావడం అరుదు. అడ్డపొగలో మాత్రం నిప్పు వేడి, పొగ రెండూ నేరుగా అంగిలికే తగులుతాయి. అక్కడ పొర తెల్లబారుతుంది, గరుకెక్కుతుంది, ఎర్రటి మచ్చలు, పుండ్లు పడతాయి. కొందరిలో అదే క్యాన్సర్‌గా మారుతుంది. చుట్టకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న ఈ సంబంధాన్ని విశాఖ వైద్యులు అంతకు దశాబ్దాల ముందే గమనించారు. ఆసుపత్రి గదిలో కనిపించిన దాన్ని పిండ్‌బోర్గ్, మెహతా బృందం ఊరూరా లెక్క కట్టి చూపింది. ఆ తర్వాత అదే ఊళ్లకు మళ్లీ మళ్లీ వెళ్లి, పదేళ్ల పాటు అవే నోళ్లను గమనించింది. నోటి క్యాన్సర్, దానికి ముందొచ్చే మచ్చలు దాదాపు పొగాకు వాడేవారికే వస్తున్నాయని రూఢి అయింది.

జబ్బుకు కారణం తెలిసింది. మరి మానిపించడం ఎలా? 1970ల చివర్లో బృందం ఆ పనికి దిగింది. ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో పొగాకు వాడే 36,000 మందిని ఎంచుకున్నారు. ఏటా నోరు పరీక్షించడం, ఎదురుగా కూర్చుని మాట్లాడటం, సినిమాలు, పోస్టర్లు, రేడియో ద్వారా అదే మాట మళ్లీ వినిపించడం. అయిదేళ్ల ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మందూ మాకూ లేకుండా, మాటతోనే కొంతమంది మానేశారు, మరికొంతమంది తగ్గించారు. నోట్లో కొత్తగా తెల్లమచ్చలు వచ్చేవాళ్లూ తగ్గారు. పల్లెటూరి మనుషులు మారరనే నమ్మకానికి ఇదే జవాబు.

పిండ్‌బోర్గ్ చివరిదాకా నోటి జబ్బుల మీదే పనిచేశారు. ఎయిడ్స్ వచ్చిన తొలినాళ్లలో దాని గుర్తులు నోట్లో ఎలా కనిపిస్తాయో దంతవైద్యులకు నేర్పినవారిలో ఆయనా ఒకరు. 1995లో కన్నుమూశారు.

ఇంట్లో మనం చేయగలిగింది

అడ్డపొగను ఎవరూ ఒంటరిగా నేర్చుకోలేదు. అమ్మను చూసి కూతురు, అత్తను చూసి కోడలు, అరుగు మీద పక్కింటివాళ్లను చూసి మరొకరు. గాలికి ఆరదనీ, బూడిద రాలదనీ, చేతులు ఖాళీగా ఉంటాయనీ కొనసాగించారు. నలుగురిలో అంటిన అలవాటును ఒక్కరే వదిలించుకోవాలంటే కష్టం. సిగరెట్ మానాలనుకునే మన ఇంటి కుర్రాడికీ ఇదే వర్తిస్తుంది.

అందుకే తోడు కావాలి. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే రోజున మానేస్తే, ఒకరికి మనసు లాగినప్పుడు మరొకరు మాటల్లో పెట్టి ఆపగలరు. ఆ తహతహ సాధారణంగా కొద్ది నిమిషాలే ఉంటుంది. మొదటి వారం గట్టిగా ఉండి, తర్వాతి వారాల్లో తగ్గుతూ వస్తుంది. ఇప్పటికే మానేసినవారు ఊళ్లో ఉంటే వారితో మాట్లాడించండి. డాక్టరు చెప్పిన పది మాటల కంటే, మానేసిన పిన్ని చెప్పిన ఒక్క మాట ఎక్కువ పని చేయొచ్చు. మధ్యలో ఒకసారి ముట్టించారని దెప్పిపొడవద్దు. చాలామంది ఒకటికి రెండుసార్లు ప్రయత్నించాకే పూర్తిగా మానగలుగుతారు.

ఫోనులో సలహా కోసం జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356 ఉంది. కాల్ ఉచితం. అవసరమైతే నికోటిన్ చూయింగ్ గమ్ వంటివి డాక్టరును అడిగి వాడొచ్చు.

ఈసారి ఊరెళ్లినప్పుడు మామ్మను వెలుతురులో కూర్చోబెట్టి, నోరు తెరవమని అంగిలి చూడండి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, గడ్డ ఉన్నా, రెండు వారాలైనా మానని పుండు ఉన్నా దంతవైద్యుని దగ్గరకు తీసుకెళ్లండి. నొప్పి లేదు కదా అని వదిలేయొద్దు. తొలిదశలో చాలాసార్లు నొప్పి ఉండదు.