ఆనకట్ట కంటే ముందు చర్చి కట్టిన కాటన్ దొర

ఆత్రేయపురం: బొబ్బర్లంక వద్ద గోదావరి నుంచి విడిపోయి లొల్ల లాకుల మీదుగా సాగే కాలువ నీటితోనే కోనసీమ పొలాలు పండుతున్నాయి. ఈ నీటికి మూలపురుషుడైన సర్ ఆర్థర్ కాటన్ పేరు వినని రైతు ఇక్కడ ఉండడు. ఆ దొరే గోదావరి పనికి పూనుకోకముందు విశాఖపట్నంలో ఒక చర్చి కట్టించిన సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. 1821లో ఇంజనీరుగా మన దేశానికి వచ్చారు. తంజావూరు ప్రాంతంలో చోళరాజుల నాటి కల్లణై ఆనకట్టను చూసి, ఇసుక మీద సైతం రాళ్లు పేర్చి నదిని నిలపవచ్చునని గ్రహించారు. ఆ కిటుకు ఆయనకు మనవాళ్లు నేర్పినదే. 1836లో కొల్లిడం నదిపై ఆనకట్టలు ప్రారంభించారు. తర్వాత ఆరోగ్యం చెడి టాస్మేనియా వెళ్లి, 1841లో అక్కడే వివాహం చేసుకున్నారు.

తిరిగి వచ్చిన ఆయనకు విశాఖలో ఇంగ్లీషు ప్రొటెస్టెంట్ల ప్రార్థనలకు చర్చి కట్టే పని అప్పగించారు. పాతబస్తీలోని సెంట్ జాన్స్ చర్చి అదే. నదులను కట్టిన చేతికి అది చిన్న పనే. అయినా కాటన్ ఊరకుండలేదు. సముద్రం ఒడ్డును కోసివేస్తుండడం చూసి, తీరం నుంచి నీటిలోకి రాళ్ల కట్టలు వేయించారు. అలలు తెచ్చిన ఇసుక వాటి పక్కన మేటవేసి ఒడ్డు నిలిచింది.

అప్పటికి గోదావరి ప్రాంతం దుస్థితిలో ఉంది. 1833 నాటి కరువు, 1839 నాటి కోరంగి ఉప్పెన ప్రజలను కుంగదీశాయి. ఏటా వరద నీరంతా సముద్రం పాలవుతూనే ఉంది. 1844లో కాటన్ ఆనకట్ట కట్టాలని ప్రభుత్వానికి సిఫారసు చేశారు. 1847లో పని మొదలై 1852లో ముగిసింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టిన ఆ పనిలో వీణెం వీరన్న ఆయనకు కుడిభుజంగా నిలిచారు. నరసాపురం మిషనరీలు బౌడెన్, బీర్ ధవళేశ్వరం వచ్చి కూలీల మధ్య సువార్త చెప్పేవారు. కాటన్ స్వయంగా దైవభక్తి గలవారు కావడంతో వారికి ఆదరణ లభించింది.

1861లో ఆయనకు సర్ బిరుదు లభించింది. 1899 జూలై 24న ఇంగ్లండులోని డార్కింగ్‌లో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన కట్టిన ఆనకట్ట పాతబడగా దాని స్థానంలో 1982 నాటికి కొత్త బ్యారేజీ పూర్తయి, ఆయన పేరే పెట్టుకుంది. విశాఖ చర్చి మాత్రం ఆ పాతబస్తీలోనే ఉంది.